ఉప్పు ఋణమా, మాట ఋణమా?

పద్దెనిమిదవ ఏట ఇచ్చిన మాట ముప్పైవ ఏటి మనిషిని కూడా కట్టివేయవచ్చునా? సైనిక విద్యాలయంలో చేరతామని మన పిల్లలు అడిగిన నాడు తల్లిదండ్రులుగా మనం మొదట ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

హడ్సన్ నది ఒడ్డున 1802లో స్థాపించిన వెస్ట్ పాయింట్ విద్యాలయంలో నాలుగేళ్ల చదువుకు రుసుము లేదు. వసతి, భోజనం ఉచితం. నెలనెలా కొంత భత్యం కూడా ఇస్తారు. అందుకు ప్రతిగా పట్టభద్రులు సాధారణంగా ఐదేళ్లు క్రియాశీల సైన్యంలోను, ఆపై మూడేళ్లు రిజర్వు దళంలోను సేవ చేయాలి. దీనిని ఉచిత విద్య అనుకోవడం పొరపాటు. ఇది ఋణం.

అయితే ఈ ఋణం చేరిననాడే మెడకు చుట్టుకోదు. మొదటి రెండేళ్లలో విద్యార్థి ఏ బాధ్యతా లేకుండా వెళ్లిపోవచ్చు. మూడవ ఏటి ఆరంభంలో మాట ఇచ్చిన తరువాతనే బంధం బిగుస్తుంది. ఆపై విడిచిపోతే సిపాయిగా సేవ చేయడమో, చదువుకైన ఖర్చు తిరిగి చెల్లించడమో తప్పకపోవచ్చు. భీష్ముడు తండ్రి కోసం ఒక్క క్షణంలో ప్రతిజ్ఞ చేశాడు. ఎవరి వివాహం కోసం చేశాడో ఆ సత్యవతియే తరువాత విడిచిపెట్టమన్నా విడువలేదు. మాటకు ముందు ఆలోచించే గడువు ఉండటం ఎంత మేలో మనకు ఆ కథ చెబుతుంది.

ఎవరికి మాట ఇస్తున్నామన్నది మరొక ప్రశ్న. కర్ణుడు దుర్యోధనుని ఉప్పు తిన్నాడు. అధర్మమని తెలిసీ అతని వెంటనే నిలిచాడు. అమెరికా సైనికాధికారి ప్రమాణం చేసేది ఏ వ్యక్తికీ కాదు, రాజ్యాంగానికి. చట్టవిరుద్ధమైన ఆజ్ఞను పాటించవలసిన పని లేదు. ఉప్పు ఋణానికీ మాట ఋణానికీ ఉన్న భేదం ఇదే.

హైదరాబాదు నుండి వచ్చిన తండ్రికి జన్మించిన రాజా చారి 1999లో కొలరాడోలోని వైమానిక దళ విద్యాలయంలో పట్టా పొందారు. విధించిన గడువు తీరిన తరువాత కూడా సేవలోనే కొనసాగి, 2021లో వ్యోమగామిగా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన బృందానికి నాయకత్వం వహించారు. మనస్ఫూర్తిగా ఇచ్చిన మాట భారం కాదని ఆయన జీవితం చూపుతుంది.

కనుక మిగిలే రుసుమును లెక్కించే ముందు మన బిడ్డను ఒక్క మాట అడుగుదాం: "ఈ మాట నీదా, మాదా?" నీదే అయితే, ఆశీర్వదించి పంపుదాం.