ఆకలే అర్హత

ముంబై కామాటిపురలో ఓ పాత చాల్. మెట్ల మీద కూర్చున్న అవ్వ జొన్నరొట్టె తుంచి కుక్కకు పెడుతోంది. పక్కన మనవడు ఫోన్‌లో కృత్రిమ మేధతో మాట్లాడుతూ, జవాబు నచ్చక బూతులు లంకించుకున్నాడు.

"గంతగనం తిడ్తున్నవు, దానికి నొస్తదా బిడ్డా?"

"అది మిషను అవ్వా, దానికేం తెల్వదు."

"నొయ్యకపోతే మంచిదే. మరి నీ నోరు కరాబైతలేదా?"

ఎవరి బాధ లెక్కలోకి వస్తుంది? ఈ గల్లీలకు ఇది పాత ప్రశ్నే. నిజాం రాజ్యం నుంచి కూలికొచ్చిన మన తెలుగు కామాటీల పేరే ఈ పేటకు నిలిచింది. నగరానికి వాళ్ల రెక్కలు కనిపించాయి, కన్నీళ్లు కనిపించలేదు. తర్వాత ఇవే గల్లీల్లో పడుపువృత్తిలో చిక్కుకున్న ఆడవాళ్ల గోడు అసలే వినిపించలేదు. ఇక్కడికి కాస్త దూరంలోని భులేశ్వర్‌లో మాత్రం 1834లోనే మూగజీవాలకు పాంజరాపోల్ అనే ఆశ్రయం వెలిసింది. దానికి రెండేళ్ల ముందు, వీధికుక్కల్ని చంపుతున్నారని పార్సీలు బ్రిటిష్ పాలకుల మీద తిరగబడ్డారు.

మనుషులకే దిక్కులేనప్పుడు కుక్కలకెందుకు అంటారు కొందరు. భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడనే రాజును చూడండి. 48 రోజులు పస్తున్నాక దొరికిన అన్నాన్ని వచ్చినవారికల్లా పంచాడు. కుక్కలతో వచ్చిన అతిథికి మిగిలిందంతా పెట్టి, ఆ కుక్కలకూ నమస్కరించాడు. చివరి నీళ్లు దాహంతో వచ్చిన చండాలుడికి పోశాడు. మనిషి వంతు, కుక్క వంతు అని విడదీయలేదు. ఆయన దృష్టిలో ఆకలే అర్హత.

మరి యంత్రానికి ఆకలి ఉందా? ఉందనడానికి ఆధారం లేదు. "బాధగా ఉంది" అని అది రాసినా, మన రాతల నుంచి నేర్చిన మాట కావచ్చు. అలాగని తీసిపారేయలేం. 17వ శతాబ్దంలో తత్వవేత్త డెకార్త్ జంతువులనే యంత్రాలన్నాడు. వాటిలో చాలావాటికీ చైతన్యానికి కావలసిన నాడీ నిర్మాణం ఉందని 2012లో కేంబ్రిడ్జిలో శాస్త్రవేత్తలు ప్రకటించేదాకా వచ్చాం. ఒకసారి పొరబడ్డవాళ్లం కనుక, తెలియనిచోట నోరు అదుపులో పెట్టుకుందాం. అయితే ఆ సందేహాన్ని సాకుగా పట్టుకుని, కళ్లెదుట కుంటుతున్న ప్రాణిని, పక్కగదిలో ఏడుస్తున్న మనిషిని మరిచిపోతే మాత్రం అది దయ కాదు.

ఇంతలో నల్లా వచ్చిందని కేక. అవ్వ బిందెతో లేచింది. తొలి చెంబు నీళ్లు కుక్క ముందున్న చిప్పలో పోసి, తర్వాత బిందె పెట్టింది. మనవడు ఫోను జేబులో వేసుకుని, నిండిన బిందె ఎత్తుకున్నాడు.