తెల్లవారుజాము బేరము

ధ్యాన భాగములు: సామెతలు 20:14, యోహాను 21:1–14



కోతపండుగ గాని క్రిస్మసు గాని సమీపించినప్పుడు మన సంఘములలో ప్రేమవిందును గూర్చిన ఆలోచన పుట్టును. మనము కొల్లేటి ప్రాంతపు వారము గనుక చేపల కూర లేని విందు మనకు విందుగా తోచదు. అప్పుడు పెద్దలు కూడి, ఏలూరు చేపల మార్కెట్టుకు ఎవరు పోవలెను, ఏ బండి మాటలాడవలెను, ఎంత సొమ్ము కావలెనని ముచ్చటించుకొందురు. ఇది మంచిదే. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువే సెలవిచ్చెను (లూకా 14:28). అయితే సొమ్ము లెక్కతోపాటు మన నాలుక లెక్కయు ముందే చూచుకొనవలెనని ఈ మాసము ధ్యానింతము.

మొదటిది, సిద్ధపాటు. చీకటి యుండగానే బయలుదేరవలెను. మంచి సరకు ముందుగా అమ్ముడుపోవును, ఎండ ఎక్కిన కొలది చేప మెత్తబడును. గంపలు, సంచులు, డబ్బు రాత్రియే సర్దుకొనవలెను. చేపను ఎరిగినవాడొకడు, లెక్క వ్రాయువాడొకడు, ఇద్దరు పోవుట మేలు. కన్ను తేటగా నున్నదా, మొప్ప ఎర్రగా నున్నదా, వేలితో నొక్కిన చోట గుంట నిలువక కండ మరల లేచుచున్నదా యని చూడవలెను. కొర్రమీను గాలి పీల్చి బ్రదుకును గనుక ప్రాణముతోనే అమ్మకమునకు వచ్చును. దాని వెల హెచ్చు. పదిమందికి వడ్డించుటకు బొచ్చెయో శీలావతియో చాలును. విందు ఆదివారమైనచో, గుడిలో మొదటి గంట కొట్టకముందే తిరిగి రావలెను. విందు కొరకు ఆరాధన విడుచుట తగదు.

రెండవది, సత్యము. సామెతలు 20:14 మన బజారును చూచి వ్రాసినట్లున్నది. కొనువాడు సరకును నిందించును. కొనిన తరువాత అవతలికి పోయి తన తెలివిని చెప్పుకొనును. మొప్ప ఎర్రగా కనబడుచుండగానే, "ఇది నిన్నటి చేప గదమ్మా" అందుము. "లేదు బాబూ, తెల్లారగట్ల పట్టిందే" అని ఆమె మొత్తుకొనును. చివరకు అలసి, తగ్గించి ఇచ్చును. మనము ఊరికి వచ్చి, "ఎంత తాజా చేప! ఎంత చౌకగా దొరికినది!" అని విందులో చెప్పుకొందుము. ఆ రెండు మాటలలో ఒకటి అబద్ధమే గదా?

సంఘపు సొమ్మును పొదుపుగా వాడవలదా యని కొందరడుగుదురు. తప్పక వాడవలెను. అది తల్లులు పూటపూటకు తీసి పెట్టిన పిడికెడు బియ్యపు కానుక. బేరమాడుట పాపము కాదు, అబద్ధమాడుట పాపము. నాలుగు గంపల యొద్ద ధర అడుగుదము. "మా సొమ్ము ఇంతేనమ్మా" అని ఉన్నమాట చెప్పుదము. కుదరనిచో చిన్న చేప కొందము. మంచిదానిని చెడ్డదని మాత్రము అనవద్దు. మోసపు త్రాసు దేవునికి అసహ్యమని సామెతలు 11:1 బోధించుచున్నది. త్రాసు అమ్మువాని చేతిలో నున్నది, మాట కొనువాని నోట నున్నది. దేవుని యెదుట రెండును తూకములే.

మూడవది, కనికరము. గంప వెనుక మనుష్యులున్నారు. బుడమేరు, తమ్మిలేరు వరద తెచ్చినప్పుడు కొల్లేటి గ్రామములు ఎట్లుండునో మనకు తెలియును. 1999లో కొల్లేరు అభయారణ్యమాయెను. 2006లో సరస్సును కాపాడుటకై దానిలోని చేపల చెరువుల గట్లు కొట్టివేసిరి. సరస్సుకు అది అవసరమే. కాని ఆ గట్లమీద కూలి చేసిన పేదలకు అది కష్టకాలమాయెను. నేటికిని కైకలూరు, ఆకివీడు ప్రాంతముల చేప ఐసులో సర్దబడి, లారీలమీద దూరపు కోల్‌కతాకు పోవుచున్నది. మనము నిద్రించు వేళ వల లాగినవారు, పెట్టెలు మోసినవారు తడిబట్టలతోనే తెల్లవార్చుదురు. కూలివాని సొమ్మును మరుసటి ఉదయమువరకు ఆపరాదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది (లేవీయకాండము 19:13). కావున సంఘము పేర అరువు పెట్టక, కొనిన చోటనే చెల్లించి రావలెను.

తిబెరియ సముద్రతీరమును తలంచుకొందము. శిష్యులు రాత్రియంతయు వల వేసి ఏమియు పట్టలేదు. తెల్లవారుచుండగా ప్రభువు తీరమున నిలిచెను. మనము మార్కెట్టుకు పోవు వేళయు అదియే. అలసినవారి కొరకు ఆయన నిప్పులు రాజబెట్టి, చేపయు రొట్టెయు సిద్ధపరచెను. తన యొద్ద చేప యుండగానే, వారు పట్టిన చేపలలో కొన్ని తెమ్మని అడిగెను. వారి కష్టమును ఆయన తక్కువ చేయలేదు. దానిని తన విందులో చేర్చుకొనెను.

ఆ ప్రభువు పేరనే మనము విందు చేయుచున్నాము. గంప దగ్గర కూర్చున్న ఆ తల్లి మన గుడికి ఎన్నడును రాకపోవచ్చును, మన ప్రసంగము వినకపోవచ్చును. మనము ఆమెతో ఆడిన బేరమే ఆమె వినిన ప్రసంగము. ఈసారి పెద్దలు పయనపు ముచ్చట ముగించి లేవకముందు, కొనబోవు ఇద్దరి కొరకు సంఘమంతయు ప్రార్థించి పంపవలెను.

ప్రార్థన: తెల్లవారుజామున తీరమున నిలిచిన ప్రభువా, మా సంచిని, మా నాలుకను నీ వశము చేసికొనుము. కష్టించువారిని మా వలన దుఃఖపడనియ్యకుము. మా విందులో నీవును కూర్చుండుము. ఆమేన్.