నాయన అప్పు, అమ్మ వేలిముద్ర

మా నాయన 2009లో పోయినాడు. దినాలైన మరుసటి పొద్దే ఆసామి మా ఇంటి ముందరికి వచ్చినాడు. పెద్దమండ్యం మండలంలో ఒక మాదిగపల్లె మాది. అంతకుముందు ఆయన మా వీధిలో అడుగుపెట్టగా నేను చూడలేదు. పనుంటే దూరంగా నిలబడి కేకేసేవాడు. పుట్టినకాడ్నుంచి నన్ను 'ఒరే' అన్న మనిషి ఆ పొద్దు 'ఏమప్పా' అన్నాడు. ఆ మర్యాద ఎందుకో ఆయన చేతిలో కాయితం చూసినాక తెలిసింది.

2006లో మా అక్క పెండ్లికి నాయన, అమ్మ ఇద్దరూ వేలిముద్రలేసి ఇచ్చిన ప్రోనోటు అది. అసలు 20,000. నూటికి మూడు రూపాయల వడ్డీ. మూడేండ్లు నిండడానికి ఇంకా ఇరవై దినాలుంది.

"కొత్త కాయితం రాసుకుందాం. మీయమ్మ చేత ఏలిముద్ర ఏయించు. కొడుకువి నువ్వు. నాయన రుణం తీర్చకపోతే ఆయన ఆత్మ కొట్టుకులాడతాది" అన్నాడు.

అమ్మ అప్పటికే బొటనవేలు చాపింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపినాను. అమ్మకు సాయం చేసినాననే అనుకున్నాను.

మదనపల్లె కోర్టులో పనిచేసే స్నేహితుణ్ణి అడిగితే వివరంగా చెప్పినాడు. నాయన ఒక్కడే చేసిన అప్పయితే, ఆయన వదిలిపోయిన ఆస్తి ఎంతో అంతవరకే వారసులు కట్టాలి. ఇద్దరూ కలిసి రాసిచ్చిన దానికి మాత్రం మిగిలిన మనిషిని మొత్తం కట్టమని అడగొచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం అట్లుంది. కొడుకు అయిన పాపానికి తండ్రి అప్పు కట్టాలనే ధర్మబాధ్యతను, 2005 సవరణ తర్వాత చేసిన అప్పుల్లో కోర్టులు ఒప్పుకోవు. ప్రోనోటుకి మూడేండ్లే గడువు. గడువు లోపల మళ్లీ వేలిముద్ర వేసినా, కొంత డబ్బు కట్టి వెనకాల చెల్లు రాయించి ముద్ర వేసినా ఇంకో మూడేండ్లు ప్రాణం పోసినట్టే. "ఇరవై దినాలు గమ్మునుండండి. ఆ లోపల దావా వేయకపోతే ఇంగ వేయలేడు" అన్నాడు.

ఆ మాట ఇంటికొచ్చి సంతోషంగా చెప్పినాను. అమ్మకు సంతోషం కాలేదు.

"కాయితం చస్తే అప్పు చస్తాదా అబ్బోడా? ఆ దుడ్డుతోనే గదా మీ అక్క మెడలో తాళి పడింది."

నాకు కోపం వచ్చింది. అప్పుడే నేను చదివింది చెప్పినాను. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో వడ్డీ లెక్క ఉంది. నెలకు నూటికి బ్రాహ్మణుడి దగ్గర రెండు, క్షత్రియుడి దగ్గర మూడు, వైశ్యుడి దగ్గర నాలుగు, శూద్రుడి దగ్గర అయిదు తీసుకోవచ్చు. అయిదోవాడి ఊసే లేదు. అప్పు తీర్చలేనోడు సమానకులమో తక్కువ కులమో అయితే చాకిరీ చేసి తీర్చాలంట. పైకులం వాడయితే మెల్లమెల్లగా ఇచ్చుకోవచ్చంట. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ ఆ పుస్తకాన్ని ఊరికే కాల్చలేదు. మనిషి పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు రుణపడి ఉంటాడని చెప్పిన వేదం కూడా ఆ మాట బ్రాహ్మణుణ్ణి గురించే చెప్పింది. గుడికి, బడికి మనల్ని దూరం పెట్టినోళ్లకు, అప్పు కాడికొచ్చేసరికి మన నాయన ఆత్మ గుర్తొచ్చిందా?

అమ్మ అంతా విన్నది. "నీ పుస్తకంలో చాకిరీ అంటివే, ఆ లెక్క రాయి" అన్నది.

మా అమ్మకు సంతకం రాదు. ఏ దినం ఏ పని చేసిందో మాత్రం మర్చిపోదు. చెనక్కాయలు పెరికిన దినాలు, నాయన మడకకు పోయిన దినాలు, ఆసామి ఇంట్లో పెండ్లికి కట్టెలు కొట్టిన దినాలు చెప్తా పోయింది, నేను నోటుబుక్కులో రాస్తా పోయినాను. వడ్డీ కిందికి పోతాదిలే అని కూలి ఇయ్యకుండా చేయించుకున్న పనే అదంతా. మూడేండ్లలో నాయనవి 150 దినాలు, దినానికి 80 చొప్పున 12,000. అమ్మవి 120 దినాలు, 50 చొప్పున 6,000. మొత్తం 18,000. ఆసామి లెక్కలో మూడేండ్ల వడ్డీ 21,600. ఆయన కాయితంలో ఈ 270 దినాలు ఒక్కటీ లేవు. అప్పుకింద చాకిరీ చేయించుకోవడాన్ని, ఆ అప్పును కూడా 1976లోనే చట్టం రద్దు చేసింది. ఆ దారిన వాదిస్తే పైసా కట్టే పని లేదని అమ్మకు చెప్పినాను. "తీసుకున్న అసలు ఇస్తాం. వడ్డీ మా రెక్కలు కట్టేసినాయి" అన్నది.

దానికంటే ముందు ఆమె చేసిన పని ఇంకోటుంది. రెండు మేకల్ని అమ్మింది. నాయన్ని ఆస్పత్రికి తీసుకపోయిన దినం పక్కింటి పెద్దమ్మ 2,000 చేతిలో పెట్టింది. దానికి కాయితం లేదు, సాక్షి లేదు. ఆమె అడగను కూడా లేదు. అమ్మ ముందు అది ఇచ్చింది. తర్వాత పొదుపు సంఘానికి ఆగిపోయిన కంతులు కట్టింది. తాను కట్టకపోతే సంఘంలో మిగతా ఆడోళ్లు తమ కూలిలోంచి కట్టాల.

చట్టం కాయితం ఎవరి దగ్గరుందని అడుగుతాది. అమ్మ, నేనియ్యకపోతే ఎవరి పొయ్యి ఆరతాదని అడిగింది. గట్టి కాయితం ఉన్నోడికి ఆ డబ్బు అవసరం అందరికంటే తక్కువ. అందుకే ఆయన్ని చివర పెట్టింది. అమ్మది బానిసబుద్ధి అని కోప్పడింది నేనే. సాక్ష్యానికి కూడా పనికిరాదని ఊరు తోసేసిన మాట మాది. ఆ మాట నిలబెట్టుకోవడం ఆమెకు పౌరుషం. ఆ పౌరుషాన్నే తాకట్టు పెట్టుకుని ఆసామి అప్పిచ్చినాడు. ఈ రెండూ నిజమే. నిజాయితీ వదులుకోనక్కర్లేదు, లెక్క ఒకవైపే రాయనియ్యకూడదు, అంతే.

నా జీతం మీద బ్యాంకులో 20,000 తీసుకున్నాను. నాకు ఏడాదికి నూటికి పన్నెండు. మా నాయనకు పడింది ముప్పై ఆరు. కూలోడి కష్టం మీద బ్యాంకు నమ్మకం పెట్టదు, నా జీతం చీటీ మీద పెట్టింది.

గడువు లోపలే ఇద్దరం ఆసామి అరుగు కాడికి పోయినాం. అమ్మే మాట్లాడింది. "ఈ కూలి లెక్క ఎవరు రాసింది?" అన్నాడు. "నేను చెప్పినా సామీ, నా కొడుకు రాసినాడు" అన్నది. చానాసేపు గొణిగినాడు. మిగతా 3,600 సంగతి ఏందన్నాడు. "మా అబ్బోడి స్నేహితుడు కోర్టులోనే ఉండాడు సామీ, ఆణ్ణి అడుగుదాం" అన్నది. డబ్బు తీసుకుని, ముట్టినట్టు రాసి సంతకం పెట్టి ప్రోనోటు ఇచ్చేసినాడు.

ఆ 20,000 ఇయ్యాల్సిన పనే లేదని వాదించే తమ్ముళ్లుంటారు. వాళ్లతో నాకు గట్టిగా తగువు లేదు. అయితే ఆ కాయితం మీద వేలు అమ్మది. మొదటి దినం ఆసామి ఆ వేలిని తన వైపు లాక్కున్నాడు, నేను నా వైపు లాక్కున్నాను. ఆమెను అడిగింది ఇద్దరిలో ఎవరూ లేరు.

ప్రోనోటు చించేద్దామన్నాను. వద్దన్నది. మా నాయన ఎప్పుడూ ఫొటో దిగలేదు. ఆయన గుర్తు అని ఇంట్లో ఉన్నది ఆ వేలిముద్ర ఒక్కటే. దాన్ని మడిచి ట్రంకుపెట్టెలో పెట్టుకున్నది.