అడ్డముగా నున్నదేమి?

ధ్యాన భాగములు: యెషయా 59:1-2, మత్తయి 5:23-24

మన యిండ్లలో టీవీ ప్రక్కన నొక బుట్ట యుండును. టీవీ రిమోటు, డిష్ పెట్టె రిమోటు, చెడిపోయిన పాత సెట్టుల రిమోటులు రెండు మూడు అందులో పోగుపడియుండును. వేరొక కంపెనీ రిమోటును ఎంత నొక్కినను మన సెట్టు పలుకదు. తన సంకేతమునే అది గుర్తించును.

1955లో అమెరికాలో యూజీన్ పోలీ అను ఇంజనీరు తీగ లేని టీవీ రిమోటును చేసెను. అది కంటికి కనబడు వెలుగుతో పనిచేసెను గనుక ఎండ తగిలినను సెట్టు పొరబడుచుండెను. నేటి రిమోటులలో అనేకము కంటికి కనబడని పరారుణ కిరణముతో పనిచేయును. అయితే సెట్టు ముందర ఒక చెంబు అడ్డమున్నను ఆ కిరణము ఆగిపోవును. అప్పుడు మనము రిమోటును అరచేత కొట్టుదుము, సెల్లులు మార్చుదుము, సెట్టును నిందించుదుము. చెంబును మాత్రము తీయము.

మన ప్రార్థనయు నిట్లే యున్నది. దేవుడు మన మీట నొక్కగా నడుచువాడు కాడు, ఆయన తండ్రి. ఆయనకు వినికిడి తగ్గలేదు. మన దోషములే నడుమ నిలిచినవని ప్రవక్త చెప్పెను. సాయంకాలము ఆ రిమోటు కొరకే అన్నదమ్ములము, అత్తాకోడండ్రము కలహించి, మాటలు మానుకొని, రాత్రి మోకరించుచున్నాము గదా!

అర్పణమును విడిచి, మొదట సహోదరునితో సమాధానపడవలెనని ప్రభువు బోధించెను. కాబట్టి ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందుగా సెట్టును ఆపి, ఎవరితో మాటలు మానితిమో వారిని పేరు పెట్టి పిలుచుదము. అడ్డము తీసిన పిమ్మట మోకరింతము. ప్రభువు మనకట్టి మనస్సు ననుగ్రహించును గాక. ఆమేన్.