‘మన’ పాట

మన పాటకి అవార్డు రావాలనుకోవడం పక్షపాతమా? అయితే అయింది. పక్షపాతం లేని అభిమానం నాకు తెలీదు. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ రాగానే ‘నాటు నాటు’కి ఆస్కార్ కూడా ఖాయమన్నాను. మార్చి 13 పొద్దున్నే బెజవాడలో ఆడవాళ్లం నలుగురం టీవీ ముందు కూర్చున్నాం. వచ్చింది. కీరవాణి పాడుతూ కృతజ్ఞతలు చెప్పారు.

అంతకుముందు, ముదుమలైలో ఏనుగుపిల్లని సాకిన బెల్లి, బొమ్మన్‌ల కథ ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’కీ ఆస్కార్ వచ్చింది. దర్శకురాలు కార్తికి గొన్సాల్వెస్ మాట్లాడారు. నిర్మాత గునీత్ మోంగా నోరు విప్పబోతే సంగీతం మోగించేశారు. మాలో ఒకామె ‘అయ్యో’ అంది. ‘ఉండవే, మన పాట రావాలిగా’ అంది ఇంకొకామె.

గునీత్ ‘మన’ కాదా? స్త్రీవాదమూ పక్షపాతమే, కాకపోతే మనం ఎంచుకున్నది. పుట్టుకతో వచ్చిన పక్షపాతం ముందు అది అంత తేలిగ్గా ఎందుకు పక్కకి జరుగుతుంది?