వైశాఖమా, డిసెంబరా?

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాసేది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన పట్టిక చూశాను. పన్నెండు నెలలకీ పన్నెండు గళ్ళు. జనవరికి ఆకుపచ్చ, మే నెలకి ఎరుపు. కింద నీ ప్రశ్న: "మావయ్యా, వైజాగ్ రావడానికి బెస్ట్ నెల ఏది? డిసెంబరే కదా?" ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవచ్చు. కానీ నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో చెమటలు కక్కుతున్నవాణ్ణి. ఆ ఎర్ర గడి చూస్తే కాస్త చురుక్కుమంది. అందుకే కాగితం తీశాను.

నీకు కావలసింది ముందే చెప్పేస్తాను. ఎండా వానా మాత్రమే లెక్కయితే డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా రా. పగలు 28, 29 డిగ్రీలు, రాత్రి 18 దగ్గరికి దిగుతుంది. అరకులో వలిసె పూలు చూడాలనుంటే నవంబరులోనే రావాలి. క్రిస్మస్ సెలవుల్లో మాత్రం అరకు, లంబసింగి పేరెత్తకు, అక్కడ మంచు కంటే కార్ల పొగే ఎక్కువ కనిపిస్తుంది. ఏ నెలలో వచ్చినా ఆర్కే బీచిలో మోకాలి లోతు దాటనివ్వకు పిల్లల్ని. ఆ నీళ్ళు పైకి కనిపించేంత మంచివి కావు.

ఇక ఎర్ర గడి సంగతి. మే నెలలో ఇక్కడ 36 డిగ్రీలంటే, మీ హైదరాబాదులో 41 చూసినవాడికి నవ్వొస్తుంది. అంకె చూసి మోసపోకు. సముద్రపు గాలి నిండా తేమే, పట్టిన చెమట ఆరదు. పైగా ఆ అంకె ఎయిర్‌పోర్టు దగ్గర తీసింది. అక్కడ కొండల చాటున వేడి ఎక్కువ, వాల్తేరు ఒడ్డున మాకు రెండు డిగ్రీలు తక్కువుంటుంది, ఉక్క మాత్రం ఎక్కువ. బీచ్ రోడ్డులో మరమరాల మిక్చర్ అమ్మే ఒకతను నాకు బాగా తెలుసు. ఉల్లిపాయ తరిగేటప్పుడు కూడా అతని ఎడమ చెయ్యి డబ్బా మూత మీదే ఉంటుంది. "ఈ నెల్లో మూత తీసి పొట్లం కట్టేలోపు మెత్తబడిపోతాయి బాబూ" అంటాడు. జనవరిలో అదే డబ్బా మూత లేకుండా పక్కన పెట్టుకుని కబుర్లు చెబుతాడు. నా మటుకు అతని మరమరాలు నీ పట్టిక కంటే నమ్మకమైనవి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలు వేటకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఆపిస్తుంది. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళు హోటల్లో వంజరం అడుగుతారు, ఐసులో పెట్టిన ముక్క తింటారు, వైజాగ్ చేపలు ఇంతేనా అని పోతారు. హార్బరుకి వెళ్ళి చూసినవాడికి వేరే ఊరు కనిపిస్తుంది. పడవలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి. ఒకడు చెక్కల సందులు పూడుస్తుంటాడు, ఒకడు రంగు వేస్తుంటాడు, నీడలో నలుగురు వల పరుచుకుని చిరుగులు కుడుతుంటారు. మీవాడికి ఎనిమిదేళ్ళు కదా, పడవ ఎలా చేస్తారని అడిగే వయసు. ఆ మాటకి జవాబు మే నెలలోనే దొరుకుతుంది.

మంచి నెల చెప్పడంలో నా తెలివి ఏపాటిదో కూడా విను. 2014లో మీ అత్తయ్య తమ్ముడు ఇదే ప్రశ్న అడిగాడు. అక్టోబరు రెండో వారం రమ్మన్నాను. వానలు వెనకపట్టాయి, దసరా రద్దీ తగ్గింది, ఇంతకంటే మంచి రోజులుండవని గట్టిగా చెప్పాను. నైరుతి వెళ్ళిపోయేటప్పుడే బంగాళాఖాతం మన మీదకి తిరుగుతుందనీ, అక్టోబరు ఇక్కడ బాగా వాన పడే నెలల్లో ఒకటనీ నాకు తెలియక కాదు. మంచి నెల చెప్పే పెద్దమనిషిననిపించుకోవాలని తొందర. వాళ్ళు శుక్రవారం దిగారు. ఆదివారం, 12వ తేదీన, హుద్‌హుద్ తుపాను దిగింది.

మధ్యలో కాసేపు గాలి ఆగితే అయిపోయిందనుకుని వీధిలోకొచ్చాం. అంతలో ఎదురు దిక్కు నుంచి మళ్ళీ మొదలైంది. సాయంత్రం చూస్తే కైలాసగిరి మీద పచ్చదనం లేదు, ఎవరో గొరిగేసినట్టుంది. మా వీధి వేపచెట్టు వేళ్ళతో సహా లేచి గోడ మీద పడింది. ఆ పైన రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. చుట్టాలొచ్చారని మంచి దుప్పట్లు తీసిన ఇంట్లో, ఆ చుట్టాలే మాతోపాటు బిందెలు పట్టుకుని ట్యాంకరు దగ్గర నిలబడ్డారు. మీ అత్తయ్య తమ్ముడి భార్య పక్కింటి ముసలమ్మకి రోజూ రెండు బిందెలు మోసింది. నేను తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను. ఆవిడ మాత్రం ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా వేప మొక్క ఎంతయిందని అడుగుతుంది. పడినచోటే మళ్ళీ నాటాం, ఇప్పుడు మేడని దాటింది. జనవరిలో వచ్చి ఫొటోలు తీసుకుని పోయిన చుట్టాలు చాలామందే ఉన్నారు, మా వీధిలో చెట్టుందని వాళ్ళకి తెలుసో లేదో.

తుపానులో రమ్మని చెప్పడం లేదురా. అంత పిచ్చివాణ్ణి కాను. ఏ నెల మంచిదన్నావు, ఎవరికో చెప్పలేదు, నా పేచీ అక్కడ.

మా అక్క, అదే మీ అమ్మ, కిందటి నెల నాకు ఫోన్ చేసింది. నీకు చెప్పి ఉండదు. సింహాచలంలో అప్పన్న నిజరూపం ఒక్కసారి చూడాలని ఉందంది. ఏడాది పొడుగునా స్వామి చందనం పూతలోనే ఉంటాడు, అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే వలుస్తారు. ఆ రాత్రే మళ్ళీ మూడు మణుగుల చందనం పూస్తారు, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకి మూడేసి. అక్షయ తృతీయ అంటే ఏప్రిల్ చివరో, మే మొదలో. నీ పట్టికలో ఎరుపు. నువ్వు డిసెంబరు అంటున్నావు, ఆవిడ వైశాఖం అంటోంది, మీ ఇద్దరి క్యాలెండర్లూ ఒకే గోడకి వేలాడుతున్నాయి.

ఎండలో క్యూ కష్టమే, దాచను. 2025లో ఆ రోజు తెల్లవారకముందే వాన కొట్టి, గోడ కూలి, వరసలో నిలబడ్డవాళ్ళు పోయారు. అది తలుచుకుంటే డెబ్బై రెండేళ్ళ మనిషిని తీసుకురమ్మనడానికి నాకే నోరు రాదు. అలాగని ఆవిడ తరఫున నువ్వో నేనో వద్దనేసుకోవడం కూడా సబబు కాదు. మోకాళ్ళు ఆవిడవి, మొక్కు ఆవిడది. చందనంలో ఉన్న స్వామిని చూసినా చాలంటే డిసెంబరులోనే తీసుకురా, కొండ మీద చల్లగా ఉంటుంది. నిజరూపమే కావాలంటే వారం ముందు దింపు. తెల్లారగట్ల పనులు, మధ్యాహ్నం చాప మీద నిద్ర, సాయంత్రం తాటి ముంజలు, రాత్రి మేడ మీద పక్కలు. మా మే నెల మేం అలాగే గడుపుతాం. వరసలో ఆవిడ వెనక నేనుంటాను, మజ్జిగ సీసా నువ్వు పట్టుకో.

నన్ను అడిగావు, ఫోన్లో పట్టికని అడిగావు. అక్క పక్క గదిలోనే ఉంటుంది కదా. తొమ్మిది దాటితే పడుకుంటుంది, ఇవాళ కాస్త పెందరాళే ఇంటికి వెళ్ళు.

ఇట్లు,
మావయ్య