కుండ, కుమ్మరి, నక్షత్రము
తెలుగువాడు కాకున్నను హైదరాబాదున పెరిగి, నిజాం కళాశాలలో చదివి, తండ్రి పనిచేసిన నిజామియా వేధశాలలోనే ఆకాశము చూడ నేర్చిన వైను బప్పు, హార్వర్డునకు పోయిన 1949 లోనే ఒక క్రొత్త తోకచుక్కను కనుగొనగా, దానికి ఆయన పేరుతోపాటు బోక్, న్యూకర్క్ అనువారి పేర్లును చేరినవి. వారిలో ఆచార్య బార్ట్ బోక్ అంతకు రెండేండ్ల ముందే, ఎడిత్ రైలీతో కలసి ఒక సాహసోక్తి పలికియుండెను: పాలపుంతలో వెనుకటి వెలుగును మ్రింగుచు గోచరించు చిన్న నల్లని మేఘములయందే నక్షత్రములు జన్మించుచుండవచ్చునని. భద్రాచలము అడవి అంచున, చీకటి రాత్రులందు పాలపుంత నడుమ మనకు కానవచ్చు నల్లని చీలికయు శూన్యము కాదు; ధూళియే. ఋజువు చూడకయే 1983 లో బోక్ గతించెను. 1990 లో పరారుణ పరిశీలనలు ఆ మేఘగర్భములందు శిశునక్షత్రములను చూపినవి.

ఇది మన తార్కికుల కొక చిక్కు. కార్యమునకు కర్త యుండవలెను, కుండకు కుమ్మరి వలె జగత్తున కీశ్వరుడు. న్యాయకుసుమాంజలిలో ఉదయనాచార్యుడు చూపిన హేతువులలో మొదటిది ఇదియే. కాని చల్లని ఉదజని తన బరువునకు తానే లోనికి క్రుంగి, నడిమి భాగము కోటి డిగ్రీలకు వేడెక్కినపుడు హీలియముగా మారనారంభించి వెలుగును. సారె త్రిప్పు చేయి అచట కానరాదు. నైయాయికు డూరకుండునా? ఆకర్షణ నియమము నెవడు విధించెనని అడుగును. అట్లు అడుగుచు పోగాపోగా 1380 కోట్ల ఏండ్ల వెనుకటి ఆదిమ విశ్వము కడ తర్కమును దూరదర్శినియు ఒక్కచోటనే ఆగును.

ఖమ్మము జిల్లా నేలకొండపల్లిలో బౌద్ధస్తూప మొకటి కలదు. ఇట్టి ప్రశ్ననే, లోకము శాశ్వతమా కాదా యని, మాలుంక్యపుత్రుడను భిక్షువు గ్రుచ్చి అడిగినను బుద్ధుడు బదులీయలేదు. దుఃఖము తీరుట కది అక్కఱకు రాదనెను. ఆ యూరివాడే యైన కంచెర్ల గోపన్న, భద్రాద్రిపై గుడి కట్టించి గోలకొండ చెఱలో మ్రగ్గుచు, రాముని జగత్కారణముగ నిరూపింపబూనలేదు. పిలిచెను, అలిగెను, చేయించిన నగల వెల చెప్పి దెప్పెను. కారణపరంపరకు తుదిని దేవుని నిలిపినవాడు, శాస్త్ర మొక్కొక్క యడుగు వేసినకొలది ఆయనను వెనుకకు జరుపుకొనక తప్పదు. గోపన్న రాముని కా యవస్థ లేదు. బోక్ మేఘములలో ఆ రాముని వెదకువారును, ఆ మేఘములను చూపి రాముడు లేడనువారును, నా దృష్టిలో, ఒక్క పొరపాటునే చేయుచున్నారు.